పళ్ల మధ్య స్క్రూడ్రైవర్

మా నర్మెట్ట దగ్గరి తండాలో ఉండే జైసింగన్న పంతొమ్మిదేళ్లు సైన్యంలో మెకానిక్‌గా చేశాడు. షెడ్డులో నీడపట్టున చేసే పని కాదది. ట్యాంకు ఎడారిలో ఎక్కడ ఆగిపోతే అక్కడికే పోయి, దాని కిందే పడుకుని బాగుచేయాలి. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్లు సగం మూతపడతాయి. ఎండకు ఇసుక నీళ్లలా కదిలేదట, చెడిపోయిన ట్యాంకులు దూరాన ఆ నీళ్లలో తేలుతున్నట్టు కనిపించేవట.

చుట్టూ ఫిరంగులు పేలుతుంటే ఇంజిన్ చప్పుడు చెవికేం వినపడుతుంది? అందుకని అక్కడి ఉస్తాద్ ఒక కిటుకు నేర్పాడు. స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కు ఆనించి, చెక్క పిడిని పళ్లతో కరిచిపట్టాలి. లోపలి చప్పుడు దవడ ఎముక గుండా తలలోకి వస్తుంది.

"కండ్లు మూసుకుంటే ఇంజన్ల నేనే తిరుగుతున్నట్టుండేది తమ్మీ," అంటాడు.

ఒక మధ్యాహ్నం చెడిన ఫిరంగిని సరిచేస్తుంటే పక్కనున్నది పేలింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరి చిరిగింది. దవాఖానల చుట్టూ తిరిగినా లాభం లేక ఇంటికి వచ్చేశాడు.

ట్రాక్టర్లు మాత్రం ఇప్పటికీ పళ్లతో విని బాగుచేస్తాడు. భార్య సోమ్లీ మాటే వినపడదు. పాటలు పాడుతూ పత్తి ఏరే మనిషి, సైగలు చేసీ చేసీ విసిగి నోరు మెదపడమే మానేసింది. ఆమె గొంతు ఎట్లా ఉండేదో మరిచిపోతున్నానని ఆయన ఒకసారి నాతో అన్నాడు.

మొన్న నా ట్రాక్టర్ తీసుకుపోయాను. ఆయన పిడి కరిచిపట్టి, కళ్లు మూసుకుని, ఎక్కడో ఆ ఇసుకలో ఉన్నట్టే వింటున్నాడు. తిండికి పిలవడానికొచ్చిన సోమ్లీ వదిన కాసేపు చూసింది. ఆమెకు ఒళ్లు మండింది.

"ట్రాక్టర్ ముచ్చట ఇంటవ్, నా ముచ్చట ఇనవా?" అని అరిచి, ఇంజిన్ మీది కొనను లాగి, కొంగుతో తుడిచి తన దవడకు ఆనించుకుంది. అట్లాగే వాళ్ల భాషలో ఏదో అంది.

ఆయన కళ్లు తెరిచాడు. పిడి వదలకుండానే, మళ్లీ అనమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె అంది. ఆయన మళ్లీ ఊపాడు. పిడి మీదికి కన్నీళ్లు కారుతున్నాయి. నేను మెల్లగా ఇంజిన్ ఆపేశాను.

"ఏమన్నవ్ వదినా?" అని తర్వాత అడిగాను.

"ఏమంట? బువ్వ సల్లారుతాంది, రమ్మన్న."

ఆ పూట వాళ్ల బువ్వ చల్లారిపోయింది.