మీ మిషన్ పాడవలేదు

సామర్లకోట స్టేషన్ రోడ్డులో కుట్టు మిషన్లు అమ్మే కొట్టు ఒకటుంది. ముందు భాగంలో కొత్త మిషన్లు మెరుస్తూ ఉంటాయి, వెనక గదిలో రిపేర్లు జరుగుతాయి. ఆ వెనక గదిలో పదకొండేళ్ళపాటు రిపేర్లు చేసింది ఆ ఇంటి చిన్నకోడలు నాగరత్నం. ఈ సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలియకుండా ఇంట్లోవాళ్ళే చూసుకున్నారు.

ఆమె పుట్టిల్లు నిడదవోలు. కొట్టు నడిపే ఇంట్లోనే పుట్టింది, కొట్టు నడిపే ఇంటికే కోడలై వచ్చింది. భర్త భీమేశ్వరరావు మెత్తని మనిషి. కొట్టు వ్యవహారమంతా ఆయన అన్నగారు నాగేశ్వరప్రసాద్ చేతిలో ఉండేది. రిపేర్లు చూసే ఆశీర్వాదం గారు ముప్పై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నారు. పెళ్ళయిన కొత్తలో మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, ఆయన విప్పి పరిచిన ఇనప ముక్కల్ని చూస్తూ నిలబడిపోయేది నాగరత్నం. ఏది ఎక్కడిదని అడిగేది. ఆయన విసుక్కోకుండా చెప్పేవారు.

కొన్నేళ్ళకు షుగరు ఆయన చూపు మీద పడింది. సన్న మరలు కనపడటం మానేశాయి. పని పోతుందన్న భయంతో ఆయన ఎవరికీ చెప్పలేదు. నాగరత్నం కనిపెట్టింది.

"మీరు చెప్పండి, నేను తిప్పుతాను" అంది.

"మీరెందుకమ్మా, చేతులు నూనె అవుతాయి."

"కడుక్కుంటే పోతుందిగా."

అలా మొదలైంది. కొన్నాళ్ళకు అన్నదమ్ములిద్దరికీ తెలిసినా బయటికి పొక్కనివ్వలేదు. ఆయన పక్కన కూర్చుని చెప్పడం, ఆమె చెయ్యడం. ముందు చెవి పెట్టి వినమనేవారు. కింది దారాన్ని అల్లే షటిల్‌లో పోగు ఇరుక్కుంటే అది ఒకలా కొట్టుకుంటుంది, నూనె లేని మిషన్ ఇంకోలా ఏడుస్తుంది, బెల్టు వదులైతే ఆ జారుడు వేరు. నాలుగైదేళ్ళకు ఆయన చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మిషన్లు తెచ్చినవాళ్ళు మాత్రం "ఆశీర్వాదం గారి చెయ్యి పడితే ఇంక తిరుగులేదండి" అని మెచ్చుకుని వెళ్ళేవారు. ఆయన సిగ్గుతో తల దించుకునేవారు. ఆమె గది తలుపు వెనక ఉండేది.

ఆశీర్వాదం గారు పోయిన పదిహేను రోజులకే కాకినాడ నుంచి కొత్త మెకానిక్ వచ్చాడు. నాగేశ్వరప్రసాద్ ఆమెను పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"ఇన్నాళ్ళూ పెద్దాయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది రత్నం. ఇప్పుడు కొత్త మనిషి పక్కన నువ్వు కూర్చుంటే ఏం బాగుంటుంది? ఇంటి పట్టున ఉండమ్మా."

పదకొండేళ్ళు ఆ మిషన్లన్నీ బాగుచేసిందెవరు బావగారూ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ అడగకపోవడమే ఆమెను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు. పక్కింటి గోడ అవతల మిషన్ తొక్కుతుంటే, వంటింట్లో గరిటె పట్టుకుని, "గుడ్డను జరిపే పళ్ళ కింద దూది పేరుకుంది" అని తనలో తనే అనుకునేది.

రెండేళ్ళు గడిచాక ఒక ఉదయం ఫోన్ మోగింది. పెద్దాపురం పక్క పల్లెలో జాకెట్లు కుట్టే కృపారాణి. ఒకప్పుడు కొట్టుకు వచ్చేది. వెనక గది తలుపు అవతల ఎవరున్నారో తెలిసిన ఒకరిద్దరిలో ఆమె ఒకతె.

"రత్నం గారూ, రేపు పెళ్ళండి. పద్నాలుగు జాకెట్లున్నాయి. కుట్టు తప్పిపోతోంది. మీ కొట్టుకి ఫోన్ చేస్తే మిషన్ తీసుకురమ్మంటున్నారు. దీన్ని ఆటోలో వేసుకుని ఎలా రానండి?"

"ఫోన్ మిషన్ పక్కన పెట్టు. ఊరికే తొక్కు."

నాగరత్నం స్టవ్ కట్టేసి, కళ్ళు మూసుకుని విన్నది. లోపల ఏ చప్పుడూ తేడాగా లేదు.

"సూది ఎప్పుడు మార్చావు?"

"పొద్దున్నేనండి."

"వీడియో కాల్ చెయ్యి. సూది దగ్గరగా చూపించు." తెర మీద సూది కనపడగానే ఆమెకు నవ్వొచ్చింది. "తిరగేసి పెట్టావమ్మా. చదునుగా ఉన్న వైపు అటు కాదు, ఇటు."

రెండు నిమిషాల్లో అవతల మిషన్ గడగడా పరుగెత్తింది. కృపారాణి ఏడ్చినంత పనిచేసింది. సాయంత్రానికల్లా టైలరింగ్ చేసే ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈమె నంబరు పెట్టేసింది.

తర్వాత వారం రోజులు ఫోన్ ఆగలేదు. అమలాపురం, తణుకు, రంపచోడవరం దగ్గరి ఏదో ఊరు. ఎవరికీ మిషన్ మోసుకెళ్ళే వీలు లేదు, చాలామందికి మెకానిక్‌ని ఇంటికి పిలిచే స్తోమత లేదు. ఒకటే మాట వందసార్లు చెప్పలేక, కృపారాణి సలహా మీద నాగరత్నం ఫోన్‌ని డబ్బాకు ఆనించి వీడియో తీసింది. ఛానల్ అంటే ఏమిటో, దాన్ని ఎలా తెరవాలో కృపారాణే చెప్పింది.

"పేరేం పెడదామండి? 'లేడీస్ టైలరింగ్ టిప్స్' అని పెడితే బాగుంటుంది."

"వద్దు. 'రత్నం మిషన్ రిపేరు' అని పెట్టు."

"మొహం కనపడకుండా తీద్దామాండి? కొందరు అలానే చేస్తున్నారు."

"కనపడాలి" అంది నాగరత్నం.

మొదటి వీడియోలను పెద్దగా ఎవరూ చూడలేదు. ఏడోది మాత్రం ఒక్కసారిగా ఊళ్ళు దాటిపోయింది. దాని పేరు 'మీ మిషన్ పాడవలేదు'. అందులో ఆమె చెప్పింది చాలా మామూలు సంగతి. రిపేరుకు వచ్చే పది మిషన్లలో ఆరింటికి ఏ జబ్బూ ఉండదు. సూది తిరగబడటమో, దూది పేరుకోవడమో, కింది బాబిన్ దారం తప్పుగా ఎక్కించడమో అయి ఉంటుంది. కొట్టుకు తీసుకెళ్ళే ముందు ఈ మూడూ చూసుకోండి. అక్కడ పెద్ద రిపేరని చెప్తే, ఏ ముక్క మార్చారో పాత ముక్క చేతికివ్వమని అడగండి.

నాలుగో రోజు నాగేశ్వరప్రసాద్ ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు.

"ఏంటి రత్నం ఇది? కొట్టుకొచ్చి పాత ముక్క ఇవ్వమని అడుగుతున్నారు. మన కొట్టు మీద మనమే బురద జల్లుకుంటామా?"

"కొట్టు పేరు నేను ఎక్కడా అనలేదండి బావగారూ."

"అనక్కర్లేదు. మన ఇంటి కోడలు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫోన్లో కనపడుతుంటే అందరికీ అర్థమవుతుంది. బజార్లో నవ్వుతున్నారు. ఆ వీడియో తీసెయ్."

భీమేశ్వరరావు గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. నాగరత్నం అతని కోసం ఒక్క క్షణం ఆగింది.

"అందులో అబద్ధం ఏదో చెప్పండి, ఇప్పుడే తీసేస్తాను" అంది.

నాగేశ్వరప్రసాద్ మొహం ఎర్రబడింది. "అబద్ధమని నేననలేదు."

"అయితే తియ్యను."

మర్నాడు కొట్టు మనిషి వచ్చి, ఆశీర్వాదం గారు పోయాక ఆమె ఇంటికి తెచ్చుకున్న ఆయన పనిముట్ల పెట్టె పట్టుకుపోయాడు. అది కొట్టుదేనట. ఆ పెట్టెలోని స్క్రూడ్రైవర్ల పిడులు ఆమె చేతికి అరిగి ఉన్నాయి. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. మూడో రోజున కాకినాడ బస్సెక్కి, మెయిన్ రోడ్డులో తనకు కావలసినవన్నీ ఏరి కొనుక్కుని వచ్చింది. వస్తూనే ఆ కొత్త పనిముట్లను ఒక్కొక్కటీ చూపిస్తూ వీడియో తీసింది. పెట్టె ఏమైందో అందులో ఒక్క మాట చెప్పలేదు.

కామెంట్లలో మంచివాళ్ళతో పాటు మిగతావాళ్ళూ వచ్చారు. వంట చేసుకోమన్నవాళ్ళు, మొగుడు ఏం చేస్తున్నాడని అడిగినవాళ్ళు. ఆమె వాటిని చెరిపేయలేదు. "వంట పూర్తయిందండి, మీ మిషన్‌కి ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అందరికీ ఒకే జవాబు రాసింది. కానీ విజయ్ పాల్ అనే మెకానిక్ పెట్టిన మాట మాత్రం ఆమెకు గుచ్చుకుంది. 'సూదులు తిప్పడం ఎవరైనా చేస్తారు. సూది కడ్డీ జారిపోయిన మిషన్‌ని లైవ్‌లో సరిచేసి చూపించండి, అప్పుడు మెకానిక్ అంటాను.'

సూదిని పట్టి ఉంచే ఆ కడ్డీ జారితే సూది కిందికి దిగినప్పుడు షటిల్ కొన దారాన్ని అందుకోలేదు. ఎంత తొక్కినా కుట్టు పడదు. దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా సరైన ఎత్తులో బిగించాలి. నాగరత్నం ఆ పని చేసి మూడేళ్ళయింది.

"ఆదివారం పది గంటలకు" అని జవాబిచ్చింది.

కృపారాణి తనకు తెలిసిన వీరదుర్గ అనే టైలరు మిషన్‌ని తెచ్చింది. సూది కడ్డీ జారి, అప్పటికే రెండు కొట్లు తిప్పినా బాగవని మిషన్ అది. వీరదుర్గ కూడా వెంట వచ్చి వరండాలో కూర్చుంది. సరిగ్గా పదింటికి లైవ్ మొదలైంది. చూసేవాళ్ళు నూరు, మూడొందలు, ఆరొందలు దాటారు. నాగరత్నం మూత విప్పి, కడ్డీ మర వదులు చేసి, ఏం చేస్తోందో చెబుతూ కిందికి దించి బిగించింది. చక్రం తిప్పింది. టక్కుమని శబ్దం. సూది షటిల్‌కు తగిలి రెండు ముక్కలైంది.

కామెంట్లు జోరందుకున్నాయి. నవ్వే బొమ్మలు వరసగా పైకి పాకాయి. కృపారాణి భయపడి ఫోన్ వైపు చెయ్యి చాచింది.

"కట్టెయ్యమంటారాండి?"

"కట్టెయ్యకు." నాగరత్నం విరిగిన ముక్కను పట్టుకారుతో తీసి కెమెరాకు దగ్గరగా చూపించింది. "ఎక్కువ దించేశాను. తప్పు నాదే. మీరు చేసేటప్పుడు కూడా ఇలాగే విరుగుతుంది. విరిగితే భయపడకండి. ముక్క లోపల ఉండిపోయిందేమో ముందు చూసుకోండి."

కొత్త సూది పెట్టింది. ఈసారి మాట్లాడలేదు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, సూది అట్టడుక్కి దిగి మళ్ళీ లేస్తున్నప్పుడు షటిల్ కొన ఎక్కడికొస్తోందో చూసింది. సూది కన్నుకు కాస్త పైగా రావాలి. రాలేదు. మర వదిలి మళ్ళీ చూసింది. నుదుటి చెమట ముక్కు మీదికి జారింది. నాలుగోసారికి కొన సరిగ్గా అక్కడికొచ్చింది. బిగించి, గుడ్డ పెట్టి, "వీరదుర్గా, నువ్వే తొక్కమ్మా" అని లేచి పక్కకు జరిగింది.

వీరదుర్గ తొక్కింది. ఒక జానెడు కుట్టు, ఇంకో జానెడు, గుడ్డ చివరిదాకా ఒక్క పోగు తప్పకుండా పడింది. వీరదుర్గ ఆపకుండా ఆ గుడ్డనే తిప్పి తిప్పి కుడుతూ నవ్వుతోంది. విజయ్ పాల్ ఒకే మాట రాశాడు. 'మెకానిక్ గారూ, నమస్తే.'

ఆ వారంలోనే నాగేశ్వరప్రసాద్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు.

"జరిగిందేదో జరిగింది రత్నం. ఛానల్ పేరు మన కొట్టు పేరుకి మార్చు. వెనక గది నీకే ఇచ్చేస్తాను. ఆ కాకినాడ మనిషిని పంపించేస్తాను."

"వద్దండి బావగారూ. ఆయన్ని ఉండనివ్వండి. ఆయన పని నేను లాక్కోను."

"మరి నీకేం కావాలి?"

అప్పుడు అడగలేకపోయిన ప్రశ్న ఇన్నేళ్ళకు తిన్నగా నాగరత్నం నోటికొచ్చింది.

"పదకొండేళ్ళు ఆ గదిలో పని చేసిందెవరో మీ నోటితో చెప్పండి. చాలు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు భీమేశ్వరరావు గుమ్మం దగ్గర నుంచి లోపలికి వచ్చాడు. "చెప్పన్నయ్యా. మనిద్దరికీ తెలిసిందేగా" అన్నాడు. అన్నగారి ఎదుట అతను గొంతెత్తడం నాగరత్నం వినడం అదే మొదటిసారి. నాగేశ్వరప్రసాద్ మాత్రం చెప్పలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఈనాటికీ చెప్పలేదు. పండక్కి ఎదురైతే బాగున్నావా అంటాడు, అంతే.

ఇప్పుడు నాగరత్నం వరండాలో బల్ల వేసుకుని ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వీడియో కాల్స్ తీసుకుంటుంది. ముందుగా టైము చెప్పి ఫీజు పంపాలి, సూది మాత్రమే తిప్పాల్సి వస్తే ఆ ఫీజు వెనక్కి ఇచ్చేస్తుంది. మధ్యాహ్నం క్లాసు. అందులో చేరినవాళ్ళు ముప్పై మంది ఆడవాళ్ళు. చేరిన మొదటిరోజే వాళ్ళతో మిషన్ మొత్తం విప్పిస్తుంది. మళ్ళీ బిగించలేమని ఏడ్చినవాళ్ళ చేత కూడా బిగింపిస్తుంది. కృపారాణి తన ఊళ్ళో బోర్డు పెట్టింది, చుట్టుపక్కల ఆరు పల్లెల మిషన్లు ఆమె దగ్గరికే వస్తున్నాయి.

మొన్న రాజమండ్రి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మెకానిక్ గారిని పిలుస్తారామ్మా" అని అడిగాడు.

"మాట్లాడుతున్నానండి. మిషన్ తొక్కండి, వింటాను" అంది నాగరత్నం.