దానంగా పంపిన వంతెన

రిటైరయ్యే ముందు సంవత్సరం నన్ను ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ యార్డుకు సీనియర్ ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుగా వేశారు. యుద్ధం ముగిసి తేరుకుంటున్న ఒక చిన్న దేశానికి సాయంగా ఇస్తున్న ఉక్కు వంతెన అక్కడ తయారవుతోంది. అది ముక్కలుగా విశాఖ రేవు నుంచి ఓడలో వెళ్ళాలి. నా సంతకం లేనిదే సరుకు గేటు దాటకూడదు.

ఆ దేశం తరఫున వచ్చిన ఇంజనీరుది ఆ వంతెన కట్టబోయే నది ఒడ్డు ఊరే. పాత వంతెనను యుద్ధంలో పేల్చేశారనీ, ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉందనీ, వరదొస్తే నది దాటించే పడవను కూడా కట్టేస్తారనీ చెప్పాడు. వానలకు ముందే వంతెన నిలబడాలి. అప్పటికి అతని చెల్లెలికి నెలలు నిండుతాయి.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ప్రతి స్పానునూ, అంటే రెండు స్తంభాల మధ్య భాగాన్ని, ముందు యార్డులోనే పూర్తిగా బిగించి చూస్తాం. బోల్టులు సుత్తి దెబ్బ లేకుండా దూరితేనే విప్పి, నంబర్లు కొట్టి, రంగేసి పంపుతాం. ఇక్కడ మొదటి స్పాను ఒక్కటే బిగించారు. మిగిలినవాటికీ రంధ్రాలు అదే అచ్చుతో వేశాం కదా అని ఊరికే నంబర్లు కొట్టేశారు. ఆ అచ్చు అరిగిపోయి ఉంది. కుదరదన్నాను.

యార్డు మేనేజరు మా శ్రీకాకుళం వైపు మనిషి. "ఏటి బావా, ఇలా సేత్తన్నావ్? జెండా ఊపడానికి పెద్దోళ్ళు వత్తన్నారు. దానమిచ్చిన గేదెకి పళ్ళు పట్టి చూత్తారేటి? ఆళ్ళు దండమెట్టి తీసుకుంటారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ పెళ్ళాం పిల్లలు నడిచే వంతెనైతే ఇలాగే పంపుతావా అని అడిగాను. మర్నాడే నన్ను వేరే పనికి మార్చారు. నా బదులు వచ్చినాయన కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టాడు. లారీలకు దండలేసి, కొబ్బరికాయ కొట్టి రేవుకు పంపారు.

ఆ దేశంలో బిగించబోతే రెండో స్పానుకే రంధ్రాలు కలవలేదు. గ్యాస్ కట్టర్‌తో పెద్దవి చేసుకోమని ఇక్కడినుంచి సలహా వెళ్ళిందట. అలా కాల్చిన రంధ్రం దగ్గరే ఉక్కు చీలుతుంది. ఆ ఇంజనీరు ఒప్పుకోలేదు. ఈలోగా వానలొచ్చాయి, పడవ కట్టేశారు. అతని చెల్లెలు ఇంట్లోనే కని చనిపోయింది. పాత వంతెన కూల్చినవాళ్ళను శత్రువులని తిట్టుకున్నాం, మిమ్మల్ని ఏమనాలో తెలియడం లేదని ఫోనులో అన్నాడు. ఫిర్యాదు రాయమన్నాను. ఇంకో రెండు వంతెనలు కూడా మీరే ఇవ్వాలి కదా సార్ అన్నాడు.

అమ్మిన సరుకు బాగోలేకపోతే కొన్నవాడు తిరగ్గొడతాడు. ఊరికే ఇచ్చినదాన్ని తిరగ్గొట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి సాయంగా వెళ్ళే సరుకుకే తనిఖీ ఎక్కువ కఠినంగా ఉండాలి. నేను నేర్చుకున్నది ఇదే. నాకు తెలిసినంతవరకు, ఇప్పటికీ దాన్నే అన్నిటికంటే తక్కువగా తనిఖీ చేస్తారు.