పెట్టెలో గ్లాసెడు నీళ్లు

కూర్చో. ఆ మంచం పట్టె మీద కాదు, కింద చాప మీద సరిగ్గా కూర్చో. చెవులు ఇటు పెట్టు. ఒక కన్ను ఫోన్ మీద, ఒక కన్ను నా మీద అయితే నేను చెప్పను. నా మాటలు నీ చదువు తెలుగులోకి దిద్దుకుంటే దిద్దుకో, నాకేం బాధ లేదు. ఎవరైనా మాట్లాడిన మాట మాత్రం నోట్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే రాయి. మీ అమ్మ చిన్న పెట్టెలో నీళ్లు పెట్టి కంప్యూటర్ చేసిన సంగతి ఇది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. మీ నాయనను అడిగితే రెండు మాటల్లో తేల్చేస్తాడు. అది రెండు మాటల సంగతి కాదు.

మీ అమ్మది పెళ్లి వీడియోల పని. కదిరిలో స్టూడియో వాళ్లు తీసినవి పంపిస్తే, ఈ ముదిగుబ్బ ఇంట్లో, వెనక రేకుల గదిలో కూర్చుని కత్తిరించి, అతికించి, పాట కలిపి సినిమాలాగా చేసి ఇచ్చేది. అంతకుముందు ఆమె నాతోపాటు వేరుశెనగ చేలల్లో కలుపు తీసేది. కూలి పని నుంచి ఆ కుర్చీ దాకా ఎట్లా వచ్చిందో అదొక పెద్ద కథ, ఇప్పుడు వద్దు. ఆ కుర్చీలో కూర్చుంటే ఆమె ముఖమే వేరుగా ఉండేది, అంతవరకు రాసుకో.

కష్టమల్లా ఎండాకాలంలోనే. పెళ్లిళ్లేమో వైశాఖంలో, జ్యేష్ఠంలో. రేకుల కింద ఆ నెలల్లో మనిషే నిలవలేడు, మిషను ఎట్లా నిలుస్తుంది? మోకాలెత్తు పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. కిటికీకి తడి గోనెపట్టా కట్టేవాళ్లం. అయినా మధ్యాహ్నమయ్యేసరికి అది పిండిమరలాగా మోత పెట్టి, పెట్టి, పని చివరికొచ్చాక టక్కున ఆరిపోయేది. చేసిందంతా మళ్లీ మొదటి నుంచి. మీ అమ్మ తలకాయ పట్టుకుని కూర్చునేది.

ఆ ఏడు ఉగాది దాటాక స్టూడియో ఆయన బండి మీద ఇంటికొచ్చాడు. మంచి మనిషే, కానీ మాటకు మెత్తదనం లేదు.

"చూడమ్మా, ఇప్పుడు జనం అడిగేది ఒగటే. పొద్దున తాళి కడితే సాయంత్రం బువ్వల కాడ సినిమా ఆడల్ల. నువ్వు మిషను ఎత్తుకోని మండపానికే వచ్చి ఆడనే చేసిస్తావా, పనంతా నీకే. రాలేనంటావా, బెంగుళూరోళ్లు కాసుకోని ఉండారు."

"ఈ మిషను యాడికి మోసేదన్నా? ఈడనే నిలవదు."

"అదంతా నాకు తెల్దు. వచ్చే నెల కదిరిలో ఒక పెండ్లి ఉండాది. అది నువ్వు చేసి చూపించు. ఆపైన మాట్లాడదాం."

ఆ పెళ్లి తప్పితే కుర్చీ పోతుంది, మళ్లీ కలుపుకొడవలే. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయేంత చిన్న పెట్టె కావాలి. చిన్న పెట్టె అయితే వేడి ఇంకా ఎక్కువ. ఇరుకు గదిలో పెద్ద పొయ్యి రాజేసినట్టు. ఫోన్లో అవీ ఇవీ చూసి చూసి, నీళ్లతో చల్లబరిచేది పెట్టాలని ఆమే తేల్చింది. సామానంతా బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్లో కదిరికి వస్తే మీ నాయన పోయి తెచ్చాడు.

పెట్టె చూస్తే మన నూనె డబ్బా కంటే చిన్నది. ఒక్కో సామాను బయటికి తీస్తుంటే అన్నిటికంటే వింతగా ఒకటి కనిపించింది. జానెడు మీద బెత్తెడు పొడుగున ఒక రేకుల పలక, కారు ముందర ఉంటుందే రేడియేటర్, దానికి పిల్ల పుట్టినట్టు. దాంట్లోంచి రెండు నల్ల గొట్టాలు, వాటి కొసన అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల.

"ఇదేందే?"

"నీళ్లతో సల్లగ చేసేది ఇదే అత్తా. ఆ బిళ్లలో పంపు ఉండాది."

"ఇంత బిళ్లలో మోటరా?" అని టెంకాయను ఊపినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల నిజంగానే నీళ్లు కదిలాయి. "ఎన్ని నీళ్లుంటాయి?"

"గ్లాసెడు కూడా ఉండవేమో."

"ఎన్ని దినాలకొకసారి పోయల్ల?"

"పోసే పనే లేదత్తా. సీలేసి పంపినారు."

"ఆవిరైపోవా?"

"యాటికి పోతాయి? దోవ లేదు కదా."

మీ అమ్మ చాక్‌పీసు తీసుకుని బండల మీద గీసి చూపించింది. ఇది ప్రాసెసర్, కంప్యూటర్‌కు మెదడు లాంటిది, వేడంతా ఇక్కడ పుడుతుంది. ఆ బిళ్ల దీని మీద కూర్చుంటుంది. నీళ్లు వేడిని ఎత్తుకుని ఈ గొట్టంలో పోతాయి. రేడియేటర్ దగ్గర ఫ్యాన్లు ఊదితే వేడి బయటికి పోతుంది. చల్లబడిన నీళ్లు ఆ గొట్టంలో వెనక్కి వస్తాయి. మళ్లీ ఎత్తుకుంటాయి, మళ్లీ పోతాయి.

"అవే నీళ్లా?"

"అవే నీళ్లు."

"ఎన్నాళ్లు?"

"ఐదారేండ్లు ఢోకా లేదంట."

నువ్వు నవ్వొద్దు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్లు ఖర్చు పెట్టడం ఒక్కటే చూశాను. బియ్యం కడిగిన నీళ్లు పాడి ఎనుముకు, గిన్నెలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. ఎంత పొదుపు చేసినా రెండో చేతికి మూడో చేతికి మారి చివరికి మట్టిలోకో గాలిలోకో పోవాల్సిందే. పోయిన నీళ్లు పోయినట్టే వెనక్కి రావడం, వచ్చి మళ్లీ పనికి పోవడం, ఒక్క చుక్క తగ్గకపోవడం! ఈ కరువు నేల మీద ఇంతకాలం బతికి అట్లాంటి నీళ్లను నేను చూడలేదు. ఆ బండ మీది గీతను ఆ రోజు ఊడ్చనివ్వలేదు.

సరే, ఆశ్చర్యపోవడం తేలిక, పట్టించడం కష్టం. మూడు రోజులు మీ అమ్మ ఆ పెట్టెతో కుస్తీ పట్టింది. ఫోన్లో పెద్ద పెట్టెలు చూపించే వాళ్ల వరుసే ఈమె పట్టుకుంది. ముందు బోర్డు, తర్వాత బొమ్మలకు పనికొచ్చే కార్డు, కరెంటు డబ్బా, వైర్లు అన్నీ లోపల కూర్చోబెట్టి, చివర్లో ఈ రేడియేటర్ దూర్చబోతుంది. అది దూరదు. దూరినా గొట్టాలు అడ్డం. గొట్టాలు సర్దితే పక్క మూత పడదు. మూడో రోజు మూతను మోకాలితో అదుముతుంటే నేను చూశాను. గొట్టం మడత పడబోతోంది.

"ఆగే! గొర్రెపిల్ల మెడ విరిచినట్టు విరుస్తాండావే దాన్ని. మూట ఎవురన్నా అట్ల కడతారా?"

"ఇది మూట కాదత్తా, కంప్యూటరు."

"నువ్వు ఎత్తుకోని బస్సెక్కుతావా లేదా? ఎత్తుకోని పోయేది ఏదైనా మూటే."

మూట సంగతి నాకు చెప్పొద్దు. మన చీనీకాయల తోట ఎండిపోయిన ఏడు నేనూ మీ తాతా బెంగుళూరుకు బేల్దారి పనికి, ఇటుకలూ ఇసుకా మోయడానికి పోయాం. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు పోయామో. సంసారమంతా ఒక్క మూటలో పట్టాలి. ఇష్టమైనవి ముందు పెట్టుకుంటే మూట కుదరదు. వంగనివి ముందు. స్టవ్వు, పెనం, సంగటి కట్టె. వాటి పొట్టలో పట్టేవి తర్వాత. వంగేవి, అంటే గుడ్డా గోచీ, సందుల్లోకి. ఇంతే శాస్త్రం.

"దీంట్లో అస్సలు వంగంది ఏది?" అని అడిగాను.

రేడియేటర్‌ను చూపించింది.

"మరి పెండ్లికొడుకును కూచోబెట్టి ఆపైన పందిరేస్తే ఎట్లనే?"

మీ అమ్మ నన్ను కొరకొరా చూసింది. చూసి, దుప్పటి పరిచి, అంతా ఊడదీసి వరసగా పేర్చింది. మరుసటి రోజు పొద్దున్నే మొదలుపెట్టి, రేడియేటర్‌ను ఖాళీ పెట్టెలో ముందు బిగించింది. గొట్టాలు ఎటు వాలితే నొప్పి లేకుండా ఉంటాయో చూసి, ఆ మూలకు తిరిగేటట్టు బిళ్లను పక్కకు తిప్పింది. బోర్డు దాని కిందకు జారింది. వైర్లు సందుల్లోకి పోయాయి. కార్డు చివర్లో. మధ్యాహ్నానికి మూత ఒక్క వేలితో నొక్కితే టిక్ అని పడింది. నూనె డబ్బాలో సగం లేని జాగాలో మోటారు, గొట్టాలు, నీళ్లు, గాలి, మెదడు! లోపల ఒక్క వేలు పట్టే సందు లేదు, అయినా దేన్నీ ఏదీ తొక్కడం లేదు. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను.

స్విచ్చి వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. ఆ వెంటనే లోపల నుంచి గుడగుడ, బుడబుడ, మళ్లీ గుడగుడ.

ఆ చప్పుడు నాకు తెలుసు. మన బోరు పోయిన రోజు పైపు అట్లాగే గుడగుడలాడింది. కాస్త నీళ్లు, కాస్త గాలి, చివరికి ఉత్త గాలి. ఆ పైపు నోట్లో చెయ్యి పెట్టుకుని నేను సాయంత్రం దాకా నిలబడ్డాను.

"ఆపే! బోరు గాలి కక్కుతాండాది! నీళ్లు అయిపోయినాయి. మూత తీసి ఇంగొన్ని పొయ్యి!"

"యాడ పోసేది అత్తా, సీలు కదా! నీళ్లు అట్లనే ఉండాయి. లోపల కొంచెం గాలి ఉంటాది, అది పంపు కాడికి చేరింది."

ఆమె పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఇటు వంచి, అటు వంచి, మెల్లగా నిలబెట్టింది. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తేపు తెప్పిస్తామే, అట్లా. గాలి పైకి పోవాలి, పంపు కింద ఉండాలి, గొట్టాలు కిందివైపుకు రావాలి, అందుకని పెట్టెను ఎప్పుడూ ఆ వైపే నిలబెట్టాలంది. కాసేపటికి గుడగుడ తగ్గింది. తర్వాత ఏమీ వినపడలేదు. చెవి ఆనించి విన్నాను. నీళ్లు ఉన్నాయి, తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయంటే మీ అమ్మ నవ్వింది.

పెళ్లి రోజు మొదటి బస్సుకు పోయాం. ఆమె అటూ ఇటూ తిరిగేటప్పుడు మిషను దగ్గర ఒక మనిషి కూర్చోవాలని నన్ను పిలిచింది. పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కండక్టర్ చూసి, "ఏమక్కా, పెండ్లికి బువ్వ నువ్వే ఎత్తుకోని పోతాండావా?" అన్నాడు.

"కంప్యూటరన్నా."

"పో అక్కా, పొద్దున్నే నేనే దొరికినానా?"

మండపం కూడా రేకులదే. పైన ఎండ, లోపల జనం, పక్కన వంటశాల. తాళి కట్టింది పదకొండుకో ఏమో. అప్పటి నుంచి మీ అమ్మ మూలన బల్ల దగ్గర కూర్చుని కత్తిరించడం, అతికించడం. మజ్జిగ ఇస్తే అట్లాగే పక్కన పెట్టింది. నాలుగు దాటాక, "అత్తా, ఇంక దీన్ని అంతా ఒకటిగా కలిపేది మిషను పని," అంది. పాత మిషను ప్రతిసారీ చచ్చేది సరిగ్గా అక్కడే. తెర మూలలో వేడి ఎంతో చూపించే అంకె ఉంటుంది. "అది నూరు ముట్టిందంటే ఆరిపోతాది," అంది. డెబ్బై మీద ఉంది. కదలకుండా డెబ్బై మీదే ఉంది. బయట అంత ఎండ, అయినా ఆ గ్లాసెడు నీళ్లు మోస్తూనే ఉన్నాయి.

అప్పుడు జనం వచ్చారు. పెళ్లికూతురు తెరలో కనిపిస్తోందని ఒకామె కేకేసింది, అంతే. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బల్ల చుట్టూ గోడ కట్టారు. ఒకామె పెట్టెకు చీర కొంగు ఆనించి నిలబడింది. ఇంకొకామె చేతిసంచి దాని మీదే పెట్టింది. గాలి పోయే దారి లేదు, వచ్చే దారి లేదు. ఎనభై. ఎనభై ఆరు.

"కొంచెం జరగండమ్మా, గాలాడల్ల," అని మీ అమ్మ బతిమాలింది.

"జరుగుతాం లేమ్మా, మా పిన్నమ్మ వచ్చేది చూసి పోతాం."

పెళ్లివాళ్లు. గట్టిగా అనడానికి లేదు. తొంభై. తొంభై మూడు. మీ అమ్మ అంకె మీద నుంచి చూపు తిప్పడం లేదు. స్టూడియో ఆయన దూరం నుంచి చూస్తున్నాడు. తొంభై ఐదు. నేను లేచాను.

"ఏమమ్మా, ఆనుకోని నిలబడినారు! ఆ కరెంటు పెట్టెలో నీళ్లుండాయి!"

"కరెంటు పెట్టెలో నీళ్లా?"

"నీళ్లే! మోటరు కూడా ఉండాది!"

"ఓయమ్మో, షాకు కొడతాది, రాండ్రా!"

చూడాలి ఆ పరుగు. ఆ కొంగు, ఆ చేతిసంచి, పిల్లలు, అందరూ స్తంభాల దాకా వెనక్కి పోయారు. ఒక ముసలాయన చెప్పు ఒకటి బల్ల కిందే వదిలేశాడు. బల్ల చుట్టూ ఖాళీ. గాలి వచ్చింది. తొంభై. ఎనభై రెండు. డెబ్బై నాలుగు.

మీ అమ్మ నవ్వాలో కొట్టాలో తెలియక నన్ను చూసింది. "అత్తా, ఒక్క చుక్క కూడా బయటికి రాదని చెప్పినా కదా!"

"కారతాయని నేనన్నానా? ఉండాయన్నా. అబద్ధమా?"

ఫ్యాను ఊదే వైపు అరచెయ్యి పెట్టాను. వేడి గాలి. పొయ్యి ముందర కూర్చున్నప్పుడు తగిలే వేడి. ఆ నీళ్లు ఒక్కొక్క చుట్టుకు ఇంత వేడి మోసుకొచ్చి నా చేతిలో పోసి, మాట్లాడకుండా లోపలికి పోతున్నాయి. అలసట లేదు, తగ్గడం లేదు. దేవుడి ముందర నిలబడినట్టు అట్లాగే నిలబడిపోయాను.

దీపాలు పెట్టే వేళకు పని అయిపోయింది. ఆరిపోలేదు. విస్తర్లు వేస్తుండగా తెల్లగుడ్డ మీద సినిమా పడింది. పొద్దున జరిగిన పెళ్లి సాయంత్రానికి అందరి కళ్ల ముందు మళ్లీ జరుగుతోంది. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకుని ఆగిపోయారు. తాళి కట్టే చోట పెళ్లికూతురు తండ్రి తెరలో కళ్లు తుడుచుకుంటున్నాడు, ఇక్కడ కూర్చున్న ఆయనా తుడుచుకుంటున్నాడు.

స్టూడియో ఆయన మా బల్ల దగ్గరకు వచ్చాడు. మనిషి దూరంగానే నిలబడ్డాడు, ఆయనకూ షాకు భయమే.

"ఏమ్మా, శ్రావణంలో ముహూర్తాలు శానా ఉండాయి. అన్నిటికీ నువ్వే రావల్ల. బెంగుళూరోళ్లకు వద్దని చెప్పేస్తా."

మీ అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నిదానంగా అంది: "వస్తానన్నా. కానీ బల్ల సుట్టూ మనుషులు రాకుండా తాడు కట్టియ్యల్ల. ఇంగొకటి, మా అత్తకు కూడా ఒక కుర్చీ ఎయ్యల్ల."

ఆ మాట విన్నాక నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. స్టూడియో ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి... ఉండు, మీ అమ్మ వంటింట్లోంచి పిలుస్తోంది.

"అత్తా! ముద్ద ఆరిపోతాండాది! అవ్వా మనవరాలూ ఇద్దరూ లేసి రాండి!"

వస్తాండానే, ఒక్క మాట! ఆ, రాసుకో, ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, కుర్చీ సంగతి సరే కానీ అవ్వా, ఆ నీళ్లు నిజంగా షాకు కొట్టవు కదా, అని అడిగాడు.