ఇక్కడ నవ్వినాడా?

ఉదయగిరి పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే పెంచలయ్య, కొడుకు మాల్యాద్రి పెట్టె తీసుకుపోవడానికి ఆత్మకూరులో మా గదికి వచ్చాడు. డిగ్రీలో రెండు పేపర్లు పోయాయని తెలిసిన సాయంత్రమే నా స్నేహితుడు ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నెలయింది.

"పరీక్షలైనాక మీరిద్దరూ ఏందో కాలేజీ సినిమా చూసినారంటనే. నాకూ చూపించబ్బయా."

ఫోన్లో పెట్టాను. సినిమాలో కుర్రాళ్ళు వార్డెన్ కుర్చీకి జిగురు పూశారు.

"ఇక్కడ నవ్వినాడా?"

"పడీపడీ నవ్వినాడు పెదనాయనా."

"నవ్వితే ఎక్కిళ్ళొస్తాయి వాడికి. వచ్చినాయా?"

"వచ్చినాయి. పక్కసీటాయన నీళ్ళిచ్చినాడు."

ఆయన ముఖం వెలిగింది. అలా ప్రతి నవ్వు దగ్గరా అడిగాడు.

తర్వాత సినిమాలో ఫెయిలైన కుర్రాడు పాసయ్యానని తండ్రికి ఫోన్ చేశాడు.

"ఇక్కడో?"

ఇక్కడ మాల్యాద్రి లేచి బయటికి వెళ్ళాడు. సినిమా వదిలిపెట్టి నేను వాడి వెనక వెళ్ళలేదు. ఆ మాటే చెప్పాను.

పెంచలయ్య ఫోన్ బోర్లించి పక్కన పెట్టాడు.

"పేపర్లు పోవడమంటే ఏందో గూడా నాకు తెలీదు గదబ్బయా. నా దగ్గిర భయమేంది వాడికి?"