ఇసుకలో దొరికిన చక్రం

ఈ రోజు పొద్దున సిరోంచ రేవులో మా సావుకారు టేకు దుంగలు మోసే బండి ప్రాణహిత ఇసుకలో కూరుకుపోయింది. పల్టన్ సిపాయిలు వేలంలో వదిలించుకున్న పాత ఫిరంగి బండి అది. ఖాళీగా ఉన్నా పదిమంది కదపలేరు. ఎద్దులను విప్పేసి, గొలుసులు కట్టి, ఆరు జతల దున్నలతో లాగించాం. బండి బయటికొచ్చింది గాని ఒక చక్రం విరిగింది.

చక్రాలు బాగుచేసేది నేనే. విరిగిన ముక్కల కోసం గుంట తవ్వితే అచ్చం అలాంటి చక్రమే ఇంకొకటి, చెక్కుచెదరకుండా దొరికింది. పోయిన వానాకాలం ఈ రేవులోనే వరదకు మునిగిన ఇలాంటి బండిది. పక్కనే దాని కాడి. ఎద్దుల మెడతాళ్ల ముడులు రెండు వైపులా అలాగే ఉన్నాయి. ఎవరూ విప్పలేదు.

సావుకారు మురిసిపోయాడు. "మంచిగున్నది, గదే ఎక్కియ్యి. రేపు మల్ల గీ రేవుల్నే దాటాలె."

ఎగువన మబ్బు కమ్ముతోంది. నేను చక్రం ఎక్కిస్తుంటే బండి తోలే మల్లయ్య పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నీ కత్తి జర ఇయ్యి."

"ఎందుకే మల్లన్నా?"

"రేపు నీళ్లొస్తే ముడులు విప్పే యాళ్ల ఉంటదో ఉండదో."

ఇచ్చాను. ఇన్నేళ్లలో ఏ చక్రమూ మొదటిసారికే ఇరుసు మీద ఇంత చక్కగా కూర్చోలేదు. మీరైతే ఆ చక్రాన్ని ఎక్కించేవారా?