తోకచుక్కకు బాపు మోకు

ఫ్లెక్సీ విప్పగానే క్లాసంతా రంగు వాసన కొట్టింది. సిద్దిపేటలో నేను పాఠాలు చెప్పే బడికి కొత్తగా తెప్పించిన బొమ్మ. మధ్యలో సూర్యుడు, చుట్టూ గుండ్రంగా భూమి తిరిగే దారి, దాన్ని రెండుచోట్ల కోసుకుంటూ పొడుగ్గా తోకచుక్క దారి. ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, ఎప్పుడన్న గుద్దుకుంటయా?" అని భయంగా అడిగింది. ఆ బొమ్మ మీద నాకు ఒళ్లు మండింది. నా ఎనిమిదో తరగతిలోనే సుగుణ టీచర్ తీర్చిన అనుమానం ఇది. ఆమె నోరు మూయించినవాళ్లు ఏం బాగుపడ్డారు? గోడల మీద ఇంకా అదే బొమ్మ.

సిద్దిపేట దగ్గర మా ఊరి బడిలో ఆమె సైన్సు చెప్పేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గ్రౌండు అవతలికి వినబడేది. ఒకరోజు మమ్మల్ని తాటివనానికి తోలుకుపోయింది. చెట్టు మీద ఉన్నది మా బాపు. తన నడుమునూ చెట్టునూ కలిపి మోకు చుట్టుకుని, వెనక్కి వాలి కల్లు గీస్తున్నాడు. నేను సిగ్గుతో అందరి వెనక నక్కాను. టీచర్ ఆ తాడునే చూపించింది.

"చెట్టు సూర్యుడనుకోండి. నడుమ లేదు చూడండి, మోకుకు ఒక కొసకుంది. మోకు ఏటవాలుగ ఉంది. తోకచుక్క తొవ్వ గిట్లనే ఉంటది."

తర్వాత మా ఇంటికొచ్చి, "అన్నా, పాత మోకుంటే ఇయ్యరాదే" అని బాపును అడిగి తీసుకుపోయింది. చెట్టుకు బదులు కర్ర నిలబెట్టి, దాని చుట్టూ సైకిలు రిమ్మును అడ్డంగా బిగించింది, అది భూమి దారి. మోకులోకి ఇనుప తీగ దూర్చి వాలుగా కట్టింది. పైనుంచి చూస్తే రెండూ తాకినట్టే ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని పక్కనుంచి చూడమంది. మధ్యలో జానెడు సందు! కాగితానికి ఎత్తు లేదు కాబట్టే మనం ఉత్తగా భయపడతామని చెప్పింది. ఆ మోడల్‌ను సిద్దిపేట సైన్సు ఫెయిరుకు పంపాలని, నేనే వివరించాలని ఆమె పట్టు. దవాఖానకు తప్ప సిద్దిపేట ఎరగని నేను వారం రోజులు గోడలకు పాఠం అప్పజెప్పాను.

పంపేముందు చూడటానికి విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. మోకును ముట్టకుండా పెన్నుతో కదిపి ముక్కు మూసుకున్నాడు. "ఇది బడా, కల్లు కంపౌండా?" అన్నాడు. వెంట ఉన్నవాళ్లు పళ్లికిలించారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఆయన నా వైపు తిరిగి మోకు ఎవరిదని అడిగాడు.

"నాకు తెల్వది సార్. టీచర్ తెచ్చింది."

టీచర్ నా మొహం వైపు ఒక్కసారి చూసింది. తనే తెచ్చానని ఒప్పుకుంది. మోడల్‌ను మూలకు పడేసి, దుకాణంలో కొన్న చార్టు పంపారు. టీచర్‌కు మెమో ఇచ్చారు, ఆ ఏడాదే బదిలీ చేశారు.

పెద్దసారు వచ్చిపోయిన సాయంత్రమే ఆమె మోకును మా ఇంటికి తెచ్చింది. నా అబద్ధం చెప్పేస్తుందేమోనని తలుపు వెనక దాక్కున్నాను. ఎట్లయింది మేడం అని బాపు అడిగాడు.

"నీ బిడ్డ పెద్దసారు ముందట మంచిగ చెప్పిందన్నా. మోకు మా బాపుదే అన్నది."

ఆ పెద్దసారు మీద కోపం నాకు చచ్చేదాకా పోదు. కానీ అంతకంటే ఎక్కువ కోపం నా పాడు నోటి మీద. టీచర్‌ను వెతుక్కుంటూ పోయి తప్పయిందని చెప్పనైనా లేదు. ఫ్లెక్సీని మాత్రం ఆ రోజే చుట్టి పక్కన పడేసి, పిల్లలను తాడు, రిమ్ము తెమ్మన్నాను.

బాపు ఇప్పుడు చెట్లెక్కడం లేదు. ఇంటికి ఎవరొచ్చినా పిలిచి కూర్చోబెట్టి, పెద్దసారు ముందట మా పిల్ల 'మోకు మా బాపుదే' అని చెప్పిందని మురిసిపోతాడు. అవునా కాదా బిడ్డా అని నన్ను అడుగుతాడు.

అవును బాపూ అంటాను.