పోచవ్వ మడిలో వంకర నాటు

ఎల్లారెడ్డి దగ్గరి పల్లెల్లో వరినాట్లంటే పోచవ్వ ముఠాదే పేరు. ముప్పై ఏళ్లు పన్నెండు మంది ఆడవాళ్లను వెంటేసుకుని బురదలో వెనక్కి వెనక్కి నడిచిందామె. పోచారం కాలువ నీళ్లు ఏ మడికి ముందొస్తే ఆ మడి ముందు నాటేవారు. బోర్లూ మోటార్లూ వచ్చాక వానకే పండే మెట్ట చెలకలు కూడా మడులయ్యాయి, అందరి నాట్లూ ఒకే వారంలో వచ్చి పడ్డాయి. ముఠాలో సగం మందికి మోకాళ్లు పోయాయి, మిగతావాళ్లు నీడపట్టున బీడీలు చుట్టుకోవడమే నయమన్నారు. అప్పుడు కామారెడ్డి స్టేషన్లో రైలు దిగారు బీహారు మగవాళ్లు.

వాళ్లు తాడు పట్టి వరసలు తప్పకుండా నాటుతుంటే పోచవ్వకు ఒళ్లు మండింది. వాళ్ల కాలు తన అరెకరంలో పడితే తన పేరు పోచవ్వే కాదని పదిమందిలో అనేసింది. అందరికంటే గట్టిగా తలూపింది ఆమె కుడిభుజం కమలవ్వ.

ఈ యాసంగి పంటకు ఆ మాటే మెడకు చుట్టుకుంది. నారు ముదిరిపోతోంది. కాలువ వంతు నాలుగు రోజుల్లో అయిపోతుంది, మళ్లీ వంతు వచ్చేసరికి ఆ నారు పశువులకే. కబురు పెడితే కమలవ్వ నడుము పట్టేసిందంది. పోచవ్వ ఒక్కతే దిగి పొద్దంతా నాటితే మడిలో ఒక మూలే అయింది. మడి బీడు పడితే ఏడాది తిండిగింజలకు ఎవరి గడప తొక్కాలి?

ఊరంతా అంగడికి పోయిన రోజు చూసి, బీహారు మేస్త్రీకి చేతులతో సైగలు చేసి పిలుచుకొచ్చింది. మూడు గంటల్లో నాటేసి, ఆమె పోసిన చాయ్ తాగి వెళ్లిపోయారు. మడి దువ్విన తలలా ఉంది. తన నాటుకంటే బాగుంది, అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. అంత తిన్నగా ఉంటే ఊళ్లోవాళ్లు ఒడ్డు మీంచే కనిపెట్టేస్తారు. కొంగు దోపుకుని దిగి, వరసలోని మొక్కల్ని పీకి పక్కకు జరిపి వంకరగా గుచ్చడం మొదలుపెట్టింది.

తలెత్తేసరికి అంగడి సంచితో కమలవ్వ. నారు పలచగా పడితే సర్దుతున్నానంది పోచవ్వ.

కమలవ్వ ఆ వరసలకేసి కాసేపు చూసింది. సంచి ఒడ్డున పెట్టి, చీర ఎగదోపుకుని, నడుము నొప్పి ఊసే లేకుండా బురదలోకి దిగింది.

"అక్కా, ఇది అయినంక మా మడికి గుడ రా. నిన్న ఆళ్లతోనే ఏయించిన. ఎవలన్న జూస్తే ఇజ్జత్ పోతది."

పోచవ్వకు తిట్టాలనిపించింది కానీ నవ్వే ముందొచ్చింది. నవ్వీ నవ్వీ బురదలోనే కూలబడింది.

మూడో రోజు పొద్దుగూకేసరికి రెండు మడులూ అచ్చం పోచవ్వ ముఠా నాటినట్టే ఉన్నాయి. ఇంత వంగుడు వంగితే ఒక మడైనా తామే నాటుకునేవాళ్లమని ఒడ్డు మీద కూర్చుని నడుము పట్టుకుంటూ అంది కమలవ్వ. ఈసారి నిజంగానే పట్టేసింది. పోచవ్వ ఆ మాట విననట్టే కాళ్లు కడుక్కుంది.